గుర్రానికి రెండు పేజీలు, బీరవ్వకు సున్నా

నిన్న పొద్దున స్కూల్లో ప్రేయర్ అవుతుంటే నాయిన ఫోన్.

"బీరవ్వ పోయింది బిడ్డా" అని ఒక్క మాట చెప్పి పెట్టేశాడు.

తొంభై దాటిన మనిషి పోతే షాక్ ఏంటి అని కామెంట్ పెట్టేవాళ్లు ఇక్కడే ఆగిపోండి. మొన్న ఆదివారమే, బక్కచిక్కిపోయానని నన్ను పట్టుకుని తిట్టింది. ఆమె కూడా పోతుందని నేనెప్పుడూ అనుకోలేదు. అంతే.

బస్సు దిగకముందే మా ఊరి వాట్సాప్ గ్రూప్ నిండా దండలు. "మహాతల్లికి జోహార్లు." "మన ఊరి ఆణిముత్యం."

పెట్టినవాళ్ల పేర్లు చూస్తే ఒళ్లు మండింది.

అయ్యా, ఆమె బతికున్నప్పుడు మీలో ఒక్కరైనా ఆమె ఇంట్లో మంచినీళ్లు తాగారా?

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను. మాది కోస్గి దగ్గర పల్లె. పంతొమ్మిది వందల యాభైల చివర్లో మా వాడలో భూమి లేని కొన్ని కుటుంబాలకు సర్కారు బంజరు ఇచ్చింది. మా తాతకూ వచ్చింది. ఎర్ర గరుసు నేల. విత్తనం వేస్తే మొలిచేది కాదు, వేయడానికి పెంట ఎరువు లేదు. రెండేళ్లు ఆగితే వాళ్లే పట్టాలు తెచ్చి నా కాళ్ల దగ్గర పెడతారని గడీలో దొర నవ్వాడట.

బీరవ్వది గొర్ల కాపరుల ఇల్లు. చిన్న వయసులోనే మొగుడు పోయాడు. పిల్లల్లేరు. గొర్ల మంద ఉంది.

ఎండాకాలం రాత్రిళ్లు మందను ఎవరి చేలో పండబెడితే గొర్ల ఎరువుతో ఆ చేను బలుస్తుంది. రైతులు కాపరులను బతిమాలి, గింజలిచ్చి తోలించుకునేవాళ్లు. గడీకి బతిమాలే పనిలేదు. ముందు దొర చేలు, అదీ ఊరికే.

ఆ ఏడు బీరవ్వ మందను దొర చేలకు తోలలేదు. మా బంజరుకు తోలింది.

ఎందుకు తోలావని ఒకసారి అడిగాను. "మీ నాయినమ్మ ఏడ్సింది. నాకు మంచిగనిపియ్యలే" అంది. స్పీచ్ ఏమీ లేదు.

అసలు గొడవ మంద వల్ల కూడా కాదు, రొట్టె వల్ల.

మా దిక్కు ఒక పద్ధతి ఉండేది. మంద ఎవరి చేలో పండితే, కాపరికి బువ్వ ఆ ఇంటి నుంచే పోవాలి. మా ఇంటి బువ్వ ఆమె కులం వాళ్లు ముట్టకూడదు. నాయినమ్మ భయపడుతూనే జొన్నరొట్టె, పుంటికూర పట్టుకెళ్లి, పక్కన పెట్టి పోతాను, తినకపోయినా ఏమీ అనుకోనంది. బీరవ్వ ఆమె చేతిలోంచే అందుకుని, ఎదురుగా కూర్చుని తిన్నది. కూరలో ఉప్పు తక్కువైందని తిట్టింది కూడా.

ఆ ఎండాకాలమంతా మా ఇంటి రొట్టే తిన్నది.

గడీ ఊరుకుంటుందా? ఆమె కులపెద్దలకు కబురు పోయింది. పంచాయితీ పెట్టారు. వాళ్లు జాలి కూడా చూపించారట. తినలేదని చెప్పు, కుక్కకు వేశానను, తప్పు డబ్బులు కట్టించుకుని వదిలేస్తామన్నారు.

"తిన్న. రేపు గూడ తింట" అంది బీరవ్వ.

వెలేశారు. పొయ్యిలోకి నిప్పు ఇవ్వలేదు. బావి దగ్గరకు రానివ్వలేదు. సొంత అన్న చచ్చిపోతే శవం దగ్గరకు పోనివ్వలేదు. వాకిలి బయట నిలబడి ఏడ్చి తిరిగొచ్చింది. మంద కరిగిపోయింది. మా వాడ అంచున గుడిసె వేసుకుని, చివరిదాకా అక్కడే ఉంది.

మా బంజరు మాత్రం ఆ వానాకాలం మనిషెత్తు జొన్న పండింది. ఆ చెలక మీదే మా నాయిన చదివాడు, నేను టీచర్నయ్యాను.

దొరగారి మనుమడు ఈమధ్య మా ఊరి చరిత్ర అని పుస్తకం వేశాడు. బంజరు సాగులోకి రావడం తాతగారి చలవేనట. తాతగారి గుర్రానికి రెండు పేజీలు, ఫొటోతో సహా. బీరవ్వకు ఒక్క వాక్యం లేదు. నిన్న గ్రూపులో మొదటి దండ ఆయనదే.

సార్, ఈ పోస్ట్ మీరు చదువుతారని తెలుసు. చదవండి.

నవలలు రాసే మిత్రులకూ ఒక మాట. గుర్రాలెక్కినవాళ్ల మీద రాసింది చాలు. రొట్టె తిన్నందుకు జీవితాంతం వెలి మోసిన ఆడమనిషి మీద ఇంతవరకు ఎవరూ ఒక పేజీ రాయలేదంటే, సిగ్గు పడాల్సింది మీరే.

ఇక నిన్నటి సంగతి.

మధ్యాహ్నం ఆ కులపెద్దల మనుమళ్లు బ్యాండుతో, పూలరథంతో దిగారు. ఎలక్షన్లు దగ్గరకొస్తున్నాయి లెండి. మా మనిషి, మా దగ్గరే మట్టి చేసుకుంటామన్నారు.

నిజం చెప్పాలంటే నేను మెత్తబడ్డాను. బీరవ్వ వాళ్లను ఎంత తిట్టినా, వాళ్ల వాడలో పెళ్లి డప్పు వినబడితే చాలు, లేచొచ్చి గడపలో నిలబడేది. పిలుస్తారేమోనని. ముసలితనంలో కూడా నిలబడేది. ఆ పిలుపు ఇప్పటికైనా వచ్చింది కదా అనుకున్నాను.

అప్పుడు వాళ్లలో ఒకాయన చెంబు తీశాడు. పసుపునీళ్లు.

"ముందుగాల శుద్ధి చెయ్యాలె. గప్పుడే కులంల కలుపుకుంటం. పద్ధతి గదా" అన్నాడు.

మా నాయిన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. పోయి శవానికీ ఆ చెంబుకూ మధ్యలో నిలబడ్డాడు.

"బతికుండంగ ఆమె ఒప్పుకోని తప్పు, పీనుగుతోని ఒప్పిస్తరా?"

కాసేపు గొణిగారు. ఫోన్లు చేసుకున్నారు. బ్యాండు వెనక్కి పోయింది.

బీరవ్వను మా చెలకలోనే మట్టి చేశాం. వాళ్లు వదిలేసి పోయిన చెంబును అమ్మ గుమ్మరించి, కడిగి, వాళ్లింటికి పంపించింది.

పోయిరా బీరవ్వా. హాయిగా పండుకో. నీకు శాంతి దొరకాలి.

నిన్ను శుద్ధి చేయడానికి వచ్చినవాళ్లకు మాత్రం దొరకొద్దు.