కంప్యూటర్ కోసం ఊరి మోటార్లు ఆపించిన రోజు

ఈ సంగతి రాసిపెట్టడానికి బలమైన కారణమే ఉంది. చొప్పదండిలో దీన్ని ఇప్పటికీ మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు. ఒక కథనంలో నేను కరెంటు తీగ పట్టుకుని ఊగాను. రెండోదాంట్లో కంప్యూటర్ పేలి బస్టాండు దాకా పొగ కమ్మింది. మూడోదాంట్లో నేను ఏడ్చాను. మొదటి రెండూ పచ్చి అబద్ధాలు. చరిత్ర ఇట్లా పాడైపోతుంటే గ్రంథాలయంలో పెరిగిన మనిషి చేతులు కట్టుకుని కూర్చోలేడు. ఒక్క మధ్యాహ్నంలో ఊరి వరిపొలాలను, ఒక మనిషి దుబాయి ఉద్యోగాన్ని, నా పరువును కలిపి ఎట్లా గోదాట్లో ముంచబోయానో ఇదిగో, ఉన్నదున్నట్టు చెబుతాను.

పదో తరగతి తర్వాత నా చదువంతా ఊరి గ్రంథాలయంలోనే సాగింది. హోమియోపతి, తేనెటీగల పెంపకం, మోటారు వైండింగ్, నక్షత్రాలు, ఏ పుస్తకం బీరువాలో ముందుంటే అది చదివాను. కంప్యూటర్ మీద ఒకే ఒక్క పుస్తకం ఉండేది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నవాళ్ల సంతకాలు చూస్తే కింది నుంచి మీది దాకా నావే. కాబట్టి తొంభైల నడుమ మా అక్క మొగుడు బస్టాండు పక్కన కంప్యూటర్ సెంటర్ పెట్టినప్పుడు, దాన్ని నడిపే పని నాకు కాక ఇంకెవరికి వస్తుంది? అప్పటిదాకా నేను కంప్యూటర్‌ను చేత్తో ముట్టనేలేదన్న విషయం బావ అడగలేదు. నేనూ చెప్పలేదు. పుస్తకంలో బొమ్మ చూశాను కదా, చాలదా?

దసరా తెల్లారి. బావ హుజూరాబాద్‌లో చుట్టాల చేతిలో జమ్మి ఆకు పెట్టి దీవెనలు తీసుకోవడానికి పోయాడు. సెంటర్‌కు నేనే రాజును, నేనే మంత్రిని. ఓదెలు పరుగున వచ్చాడు. వెల్డింగ్ పని చేస్తాడు, బంగారంలాంటి మనిషి. దుబాయి కంపెనీకి బయోడేటా కావాలట. చేతిరాత చెల్లదు, టైపు మిషన్ చెల్లదు, కంప్యూటర్ ప్రింటే కావాలని కరీంనగర్ ఏజెంటు పట్టుబట్టాడట. ఆ ఏజెంటు ఆ రాత్రే బొంబాయి బండి ఎక్కుతాడు. సాయంత్రం బస్సుకు ఓదెలు ఆ కాగితంతో కరీంనగర్ చేరకపోతే కొలువు ఇంకొకరికి పోతుంది.

"అయితదా అన్నా?" అన్నాడు.

"చాయ్ తాగి రాపో. వచ్చేసరికి చేతుల వెడుత," అన్నాను. పాఠకులు ఈ మాట గుర్తుపెట్టుకోవద్దని మనవి.

మిషన్ ఆన్ చేశాను. మొన్నటిదాకా లేడిపిల్లలా దూకిన కంప్యూటర్ ఆ రోజు నిండు చూలాలిలా అడుగు తీసి అడుగు వేస్తోంది. అక్షరం నొక్కితే, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాక గానీ తెరమీద కనబడదు. ఓదెలు పేరు పూర్తయ్యేసరికి ఓదెలే చాయ్ తాగి వచ్చేశాడు. వెనక నిలబడి కాసేపు చూశాడు.

"అన్నా, గిది రాస్తున్నదా, ఆలోచన చేస్తున్నదా?"

బంద్ చేసి మళ్లీ పెట్టాను. పుస్తకంలో ఉన్న మొదటి వైద్యం అదే. గుణం కనిపించలేదు. కంప్యూటర్ అమ్మిన కరీంనగర్ దుకాణానికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే మోగింది మోగినట్టే ఉంది, పండగ మత్తు ఇంకా దిగలేదేమో. తిరిగొచ్చేసరికి నా చూపు స్టెబిలైజర్ మీద పడింది. ముల్లు కింద పడుకుని ఉంది. అంతే! కంప్యూటర్ పుస్తకమూ మోటారు వైండింగ్ పుస్తకమూ ఆ క్షణాన నా తలకాయలో లగ్గం చేసుకున్నాయి. కరెంటు తగ్గితే మోటారు మెల్లగా తిరుగుతుంది, బల్బు గుడ్డిగా వెలుగుతుంది. మరి కంప్యూటర్ మాత్రం?

"లో ఓల్టేజి," అన్నాను, నాడి పట్టిన వైద్యుడిలా.

మా దిక్కు ఈ మాటకు ఎదురు చెప్పేవాడు పుట్టలేదు. ఫ్యాన్ తిరగకపోయినా లో ఓల్టేజే, అన్నం ఉడకకపోయినా లో ఓల్టేజే. ఓదెలు వెంటనే నమ్మాడు. బస్టాండు వెనక పొలాల మోటార్లన్నీ మా ట్రాన్స్‌ఫార్మర్ మీదివే. అవి ఆగితే చాలు, కంప్యూటర్ ఉరుకుతుంది. సైకిల్ మీద ఓదెలును ఎక్కించుకుని తొక్కిన తొక్కుడుకు నాకు నేనే శాస్త్రవేత్తలా కనిపించాను.

అందరికంటే పెద్ద మోటారు, ఊరి వరసకు నాకు పెదనాన్న అయ్యే మల్లారెడ్డి పెద్దబాపుది. నేను ఓల్టేజి గురించి ఉపన్యాసం ఇస్తుంటే ఆయన గడ్డి పుల్లతో పండ్లు కుట్టుకుంటూ చివరిదాకా విన్నాడు.

"వరి పొట్టకొచ్చింది సంపతూ. వచ్చేదే గింత కరెంటు. నీ డబ్బా కోసం నా మోటరు బందు వెట్టాల్నా?"

ఓదెలు తల దించుకుని నిలబడ్డాడు, అంతే. పెద్దబాపు వాడి దిక్కు చూసి లేచాడు. "వీని కోసం బందు వెడుత. నీ కోసం గాదు," అని స్టార్టర్ మీద చెయ్యి వేశాడు. ఆయన ఆపాక పక్క పొలాల కొమురయ్య, లచ్చిరెడ్డి కూడా ఆపారు. ఆపి ఊరుకుంటారా? తమ కరెంటుతో కంప్యూటర్ ఎట్లా ఉరుకుతుందో చూడాలని బురద కాళ్లతోనే సెంటర్‌కు వచ్చారు. ఓదెలు తల్లి నర్సవ్వ కూడా కొడుకు సంచి పట్టుకుని వచ్చింది.

స్టెబిలైజర్ ముల్లు కోడిపుంజు మెడలా లేచి నిలబడింది. నేను జనం దిక్కు గర్వంగా చూసి అక్షరం నొక్కాను.

రాలేదు. అందరం చూశాం. కాసేపటికి వచ్చింది, అదీ మొహమాటంగా.

"కరెంటు లోపల నిండాలె గదా," అన్నాను. "నీళ్లు మీది ట్యాంకికి ఎక్కినట్టు ఎక్కుతది, జర ఆగుండ్రి."

"ఆగుతం. నా వరి గూడ ఆగింది, మొగులు దిక్కు చూసుకుంట," అన్నాడు పెద్దబాపు.

అప్పుడే బస్టాండులోకి కరీంనగర్ బస్సు వచ్చింది. ఓదెలు దాని దిక్కు చూశాడు, తర్వాత నా దిక్కు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. కోపంతో ఒకే అక్షరాన్ని దబదబా బాదాను. మూడో కథనం నిజమైంది ఇక్కడే. కళ్లద్దాలు తుడుచుకున్నానని చెప్పినా ఎవరూ నమ్మలేదు.

నర్సవ్వ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. కంప్యూటర్ డబ్బా మీద దసరా బొట్టు ఆమెకు కనిపించింది. బొట్టు ఉన్నచోట దేవుడుంటాడు కదా. రెండు వేళ్లు దాని మీద గట్టిగా ఆనించి కండ్లకు అద్దుకుని, "నా కొడుకును ఒడ్డెక్కియ్యి తల్లీ," అంది.

టక్కుమంది. మరుక్షణం నేను బాదిన అక్షరాలన్నీ తెరమీద వడగండ్లలా పడ్డాయి.

ఇక చూడండి నా వేళ్లు! ఓదెలు పుట్టుక, చదువు, వెల్డింగ్ నైపుణ్యం అన్నీ ఉరికాయి. ప్రింటర్ కర్రుకర్రుమని కాగితాన్ని కక్కింది. బయట పెద్దబాపు బస్సుకు అడ్డంగా నిలబడి, కదిలితే తన మీది నుంచే పోవాలన్నాడట. ఓదెలు కాగితంతో ఉరికి ఎక్కాడు.

దుమ్ము సర్దుకున్నాక పెద్దబాపు లోపలికి వచ్చి, డబ్బా ముందు వంగి, నర్సవ్వ మొక్కిన చోట వేలు పెట్టాడు. అదొక బటన్. ఒకసారి ఒత్తితే లోపలికి పోతుంది, మళ్లీ ఒత్తితే బయటికి వస్తుంది. లోపలికి ఉంటే మిషన్ ఉరుకుతుంది, బయటికి ఉంటే మెల్లగా నడుస్తుంది. ఈ సంగతి పుస్తకంలో ఉంది. నేను చదివాను కూడా. పరీక్షలో అడిగితే నూటికి నూరు తెచ్చుకునేవాణ్ని.

"మరి దీన్ని బయటికి తెచ్చిందెవలు?" అని అడిగాడు.

అందరూ ఆ బటన్ మీది కుంకుమను చూశారు, తర్వాత నన్ను చూశారు. ముందురోజు దసరా పూజలో గుండ్రంగా, బొట్టుకు కుదురుగా ఉందని దాన్ని ఏరి మరీ గట్టిగా ఒత్తి పెట్టింది నేనే.

పెద్దబాపు నిదానంగా లెక్క తేల్చాడు. "అంటే బొట్టు వెట్టి నువ్వు పండవెట్టినవ్. మొక్కి నర్సవ్వ లేపింది. నడుమ నా మోటరేం జేసింది?"

అందుకని సరస్వతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రానికి పూజ చేసినా బొట్టు దాని వీపుకే పెడతాను, అదీ ఈక ఆనినట్టు. లో ఓల్టేజి అన్న మాట నా ఇంట్లో చీకటి పడ్డా పలకను.

నన్ను ఒడ్డున వేసిన వారందరికీ కృతజ్ఞతలు. ఆ పుస్తకం నాకే మళ్లీ మళ్లీ ఇచ్చిన గ్రంథాలయం రాజేశం సారుకు, వరిని ఆపిన కొమురయ్యకు, లచ్చిరెడ్డికి, వరితోపాటు బస్సునూ ఆపిన మల్లారెడ్డి పెద్దబాపుకు, పెద్దబాపును తొక్కకుండా ఆ బస్సును వెనక్కి తీయించిన కండక్టర్ సత్తయ్యకు, కొలువు దొరికాక కూడా నన్ను అన్నా అనే పిలిచే ఓదెలుకు. అందరికంటే ఎక్కువ నర్సవ్వకు. బస్టాండు దిక్కు వచ్చినప్పుడల్లా ఆమె సెంటర్ గడప దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి అడిగేది:

"ఉరుకుతున్నదా కొడుకా, మల్లోపారి మొక్కాల్నా?"