రచయితతో బేరం

తెలియని పనిని ఇంత దర్జాగా ఒప్పుకున్న మనిషి ఇబ్రహీంపట్నంలో నేను తప్ప ఇంకొకరు ఉంటారని అనుకోను. ఈత రానివాళ్లు చెరువు గట్టు మీదే ఆగిపోతారు. నేను మాత్రం దూకాను, అదీ నలుగురు పిల్లల్ని నడుముకు కట్టుకుని. దూకినందుకు ఫీజు కూడా మాట్లాడుకున్నాను. ఆ నలుగురిలో ఒకతె మా అక్క కూతురు. ఎవరూ మునగలేదు గానీ, అందరం కడుపునిండా నీళ్లు తాగాం.

మాది బట్టల దుకాణం. నేను పెరిగింది గల్లా పెట్టె పక్కన. బడిలో ఎక్కాలు అప్పజెప్పలేక నిలబడే రోజుల్లోనే, గిరాకీ ముఖం చూసి ఈమె ఎంత దగ్గర మెత్తబడుతుందో చెప్పేదాన్ని. తర్వాత దూరవిద్యలో ఇంగ్లీషు ఎమ్మే చేశాను, రెండేళ్లు ఒక బడిలో పాఠాలు చెప్పాను, జీతం పెంచమని బేరమాడి, తెగక, మళ్లీ మా దుకాణానికే వచ్చిపడ్డాను. అందుకే మా గల్లీలో నేను ఇంగ్లీషు మేడం. ఆ పేరే నా కొంప ముంచింది.

అక్క కూతురు శ్రావ్యకు లా చదవాలని పట్టుదల. ఇంట్లో ఏ గొడవైనా చివరి మాట ఆ పిల్లదే కాబట్టి మాకెవరికీ ఆశ్చర్యం కలగలేదు. మా బావది టైల్స్ దుకాణం. ఆయన ఒకటే షరతు పెట్టాడు. ప్రవేశ పరీక్ష ఒక్కసారే. సీటు వస్తే ఐదేళ్ల ఫీజూ కడతాడు. రాకపోతే ఊళ్లోనే డిగ్రీ, మధ్యాహ్నాలు టైల్స్ దుకాణంలో కౌంటరు. టైల్స్ మాట ఎత్తితేనే శ్రావ్యకు తలనొప్పి వచ్చేది.

"నీకు ఇంగ్లీషు వస్తది గద, నువ్వే జెప్పు. కోచింగుకు మీర్‌పేట్ దాకా రోజు ఎవలు తిప్పుతరు?" అంది అక్క.

సొంత అక్క అని చూడకుండా ఫీజు దగ్గర గంటసేపు బేరమాడాను. రెండుసార్లు లేచి వెళ్లిపోయినట్టు నటించాను, రెండుసార్లూ ఆమె వెనక్కి పిలిచింది. శ్రావ్యతో పాటు ఆమె దోస్తు వంశీని, అదే గల్లీలో ఇంకో ఇద్దరిని కూడా కలిపి మాట్లాడుకున్నాను. ఫీజు మీద గంట పెట్టినదాన్ని ప్రశ్నపత్రం మీద అరనిమిషం కూడా పెట్టలేదన్న సంగతి మీరు గమనించే ఉంటారు. నేను గమనించలేదు.

ఆ పత్రంలో ఇంగ్లీషు భాగం ఎలా ఉంటుందంటే, ఒక వ్యాసం ముక్క ఇస్తారు. ప్రశ్నలు జంటగా వస్తాయి. మొదటిది, రచయిత ఉద్దేశం ఏమిటి అని. రెండోది, అలాగని చెప్పడానికి ఈ నాలుగు లైన్లలో ఏది ఆధారం అని. చూడగానే నాకు నవ్వొచ్చింది. ఎదుటివాడి ఉద్దేశం కనిపెట్టడమే కదా, పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పని.

దుకాణం పైగదిలో, చీరల పెట్టెల మధ్య మొదటి క్లాసు. నా సిద్ధాంతం చెప్పాను. "రాసినోడు దుకాణందారు. మీరు గిరాకీ. వాడు జెప్పిన ధరకు కొంటే మీ అంత పిచ్చోళ్లు లేరు." దుకాణంలో నోటితో అన్నది ఎప్పుడూ అసలు మాట కాదని వివరించాను. మీ కోసమే ఈ ధర అంటే ఊరందరికీ అదే ధర. అడక్కుండానే రంగు పోదు అన్నామంటే, వేరే బట్టలతో కలిపి ఉతక్కండి అని అర్థం. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఇంత లోతైన సాహిత్య విమర్శ వాళ్లెక్కడా విని ఉండరు.

మొదటి వ్యాసం తేనెటీగల మీద. రచయిత వాటిని తెగ మెచ్చుకున్నాడు. ఆయనకు వాటిపై ఉన్నది ఏమిటి? గౌరవం, భయం, నిర్లక్ష్యం, అసహ్యం. నలుగురూ గౌరవం అన్నారు. ఆగండి అన్నాను. అంత మెచ్చుకుంటున్నాడంటే ఏదో దాస్తున్నాడు. ఒకసారి గట్టిగా కుట్టించుకుని ఉంటాడు. జవాబు భయం.

"మరి లైను?" అని అడిగింది శ్రావ్య.

"వ్యాసం మొత్తంల కుట్టుడు గురించి ఒక్క ముక్క రాసిండా? ఎందుకు రాయలే? గదే ఆధారం."

పుస్తకం వెనక జవాబుల్లో గౌరవం అనే ఉంది. అచ్చుతప్పు అన్నాను. రెండో వ్యాసానికీ అచ్చుతప్పే పడింది. మూడోదానికీ అంతే. వారం తిరిగేసరికి ఆ పుస్తకంలో అచ్చు కన్నా అచ్చుతప్పులే ఎక్కువని తేల్చేశాం.

వంశీ మాత్రం నా విద్యను ఒడిసిపట్టాడు. ఒక ముసలామె వీధి పొడుగునా చెట్లు నాటిన వ్యాసం వస్తే, ఆమె కలప వ్యాపారం చేయబోతోందని తేల్చాడు. ఆధారం ఏదంటే, చెయ్యనని ఎక్కడా రాయలేదు కదా అన్నాడు. వాణ్ని మెచ్చుకున్నాను. శ్రావ్య మాత్రం పెన్ను కొరుకుతూ కూర్చుంది.

"చిన్నమ్మా, లైను జూపియ్యుమంటున్నరు. రాయని లైను ఎట్ల జూపియ్యాలె?"

"ముందు జవాబు ఖాయం జేస్కో బిడ్డా. సాక్షిని తర్వాత ఎతుక్కోవచ్చు."

లాయరు కాబోయే పిల్లకు నేను నేర్పిన మొదటి పాఠం ఇది. దయచేసి బయట చెప్పకండి.

నెల రోజుల తర్వాత మీర్‌పేట్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో నమూనా పరీక్ష రాయించాం. శ్రావ్యకు వ్యాకరణం, తర్కం దాదాపు నిండుగా వచ్చాయి. వ్యాసాల దగ్గర మాత్రం గుండు సున్నాకు కాస్త పైన. కళ్లు మూసుకుని టిక్కు పెట్టినా నాలుగింట ఒకటి తగలాలి. మా నలుగురికీ అది కూడా తగల్లేదు. సరైన జవాబును అంత గురి చూసి తప్పించుకున్నారంటే, నేను చెప్పిన పాఠం బాగానే ఎక్కిందన్నమాట.

బావ మార్కులు చూశాడు. టైల్స్ కౌంటరు వెనక ఇంకో కుర్చీ వేయించాడు. శ్రావ్య ఆ కుర్చీని చూసి వచ్చి, నా ఎదుట కూర్చుని ఏడ్చింది. ఆ పిల్ల ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఎదుటివాళ్లనే ఏడిపించేది.

మార్కులు తక్కువిచ్చినవాడితో తేల్చుకుందామని శ్రావ్యను వెంటబెట్టుకుని మీర్‌పేట్ పోయాను. అక్కడి సారు కుర్రవాడు, కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మనం ఎంత గొంతు పెంచితే ఆయన అంత మర్యాద పెంచుతాడు.

"ఏ లైన్లో ఉందండి మేడం?"

"అన్నీ లైన్లల్ల ఉంటయా సారూ? మనిషిని జూస్తే తెల్వదా?"

"ఏ మనిషండి? ఇక్కడ కాగితమే కదా ఉంది."

"రాసినోడు ఉంటడు గద."

"ఆయన పరీక్ష హాలుకి రాడండి. వచ్చి చెప్పినా లెక్కలోకి రాదు."

ఎదురుగా దుకాణందారే లేని దుకాణంలో బేరం ఎలా ఆడాలి? పోనీ సగం మార్కులు ఇవ్వమన్నాను. ఆయన నేను జోకు వేశాననుకుని నవ్వాడు. నేను వేయలేదు.

తిరిగొచ్చేసరికి మా దుకాణంలో ఒకామె రంగు దిగిన చీర పట్టుకుని మా నాన్నతో, అదే మా బాపుతో, గొడవ పడుతోంది. "రంగు పోదని నీ బిడ్డనే జెప్పింది" అంటోంది. నేను చీరల బీరువా చాటుకు జరిగాను. బాపు చేయి చాచాడు. "బిల్లు ఉన్నదా అక్కా? బిల్లు మీద రంగు పోదని రాసున్నదా?" ఆమె బిల్లు తీసింది. రాసి లేదు. నోటి మాట ఎంత చెప్పినా బాపు వేలు బిల్లు మీద నుంచి కదల్లేదు.

శ్రావ్య నా చేయి గట్టిగా పట్టుకుంది. "చిన్నమ్మా, పరీక్ష గిదే."

అప్పుడు అర్థమైంది. నేను బతుకంతా చీరలు పరిచే వైపు కూర్చున్నాను, వాపసు తీసుకునే వైపు ఎప్పుడూ కూర్చోలేదు. పిల్లలకు నేర్పింది అమ్మకం. పరీక్ష పెడుతున్నది వాపసు కౌంటర్లో. అక్కడ కాగితం మీద ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

ఆ రోజు నుంచి పాఠం శ్రావ్యది, కూర్చుని వినడం నాది. లైను మీద వేలు పెట్టకుండా ఎవరూ జవాబు చెప్పకూడదు. ఎవరైనా ఊహించి చెబితే "బిల్లేది?" అనేది. అచ్చుతప్పులన్నీ వాటంతటవే సరైపోయాయి. వంశీ, మిగతా ఇద్దరూ మాత్రం ఇందులో మజా లేదు మేడం అని పాత పద్ధతిలోనే ఉండిపోయారు.

పరీక్ష రోజు సెంటరు బయట నేనూ అక్కా నిలబడ్డాం. శ్రావ్య నవ్వుతూ వచ్చింది. ప్రతిదానికీ లైను దొరికిందట. చివరి వ్యాసం మరీ సులువట. అద్దెకున్న ఒకాయన తన ఇంటి ఓనరు గురించి రాశాడు. "మా ఓనరు మహా దయగలవాడు. కప్పుకు చిల్లు పడినా, పడుకుని చుక్కలు చూసుకునే భాగ్యం నాకు పోకూడదని దాన్ని ముట్టుకోలేదు" అని ఉందట.

"ఓనరంటే ఆయనకు మస్తు గౌరవం అని పెట్టిన. దయగలవాడు అని లైన్లనే ఉన్నది" అంది శ్రావ్య.

వెనకే వచ్చిన వంశీ ఆగిపోయాడు. "గౌరవం ఏంది? వాడు ఓనర్ని ఎక్కిరిస్తున్నడు. కప్పు లైను ఆధారం."

"నా దగ్గర లైను ఉన్నది."

"నా దగ్గర గూడ ఉన్నది."

ఇద్దరూ నా వైపు తిరిగారు. రాసినదాన్ని నమ్మొద్దని నెల, నమ్మాలని కొన్ని వారాలు చదివించినదాన్ని. నీళ్ల సీసా మూత తీశాను, తాగకుండానే మళ్లీ పెట్టాను. చివరికి మీర్‌పేట్ సారుకు ఫోన్ చేశాను. "అబ్బాయిదే రైటండి. లైను చూపించమంటే పక్క లైనుకి కళ్లు మూసుకోమని కాదు కదండి" అన్నాడు. నా పాత పద్ధతి పనికొచ్చే ఒకే ఒక్క వ్యాసం వచ్చింది, అది కూడా నేను దాన్ని వదులుకున్నాక. తర్వాత జవాబుల కీ వచ్చాక చూస్తే, వంశీకి ఆ జంట ఒకటే ఒప్పు, మిగతా వ్యాసాలన్నీ తప్పు. శ్రావ్యకు ఆ జంట ఒకటే తప్పు.

మొదటి జాబితాలో శ్రావ్య పేరు రాలేదు. ఒక్క మార్కుతో పోయింది. రెండో జాబితా వచ్చేదాకా మా అక్క నాతో మాట్లాడలేదు. అందులో, అడుగు నుంచి వెతికితే తొందరగా దొరికే చోట, పేరు ఉంది. బావ ఫీజు కట్టాడు.

అందువల్ల, మా దుకాణం గల్లా పెట్టె మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై సరుకు విప్పి, చివరి అంచు దాకా చూడకుండా దేనికీ ఫీజు మాట్లాడను. రచయితలు ఎంత చెబితే అంతే ఇచ్చుకుంటాను, ఎక్కిరించేవాళ్లకు తప్ప.

ఇక లెక్క. వంశీకి, మిగతా ఇద్దరికీ ఫీజు వాపసు ఇచ్చేశాను, వాళ్లు అడక్కముందే. అక్క మాత్రం సీటు వచ్చింది కదా అని వాపసు తీసుకోలేదు. అది నాకు సయించక, ఇందులో నా వాటా ఎంతో నువ్వే చెప్పమని శ్రావ్యను అడిగాను. వేళ్ల మీద లెక్కపెడుతూ చెప్పింది.

"వ్యాకరణం నాది. తర్కం నాది. నీ మొదటి పద్ధతితోని నెల పోయింది. లైను దొరికిందన్న సంబురంల పక్కలైను జూడక రెండు మార్కులు పోయినయి, అది నా తప్పే. నెల పోకుంటే గది గూడ నేర్చుకుందును. నువ్వు చెప్పకుంటే మొదటి లిస్టులనే వస్తుండె చిన్నమ్మా."

కూడి, తీసి, రెండుసార్లు చూసుకున్నాను. పిల్లకు నేను ఒక లిస్టు బాకీ. బేరమాడలేదు.