బొటనవేలి సాక్ష్యం

కాప్రాలో మేముంటున్న అపార్ట్‌మెంటు వాళ్ళు ఈ వేసవిలో ఈతకొలను మళ్ళీ తెరిచారు. మెట్లు దిగుతుంటే క్లోరిన్ వాసన ముక్కుకు తగులుతుంది. తగిలిన ప్రతిసారీ నా కుడిచేతి బొటనవేలు దానంతటదే వంగి, అక్కడ లేని మీటను ఒకసారి నొక్కుతుంది. ఇరవై ఏళ్ళు దాటినా దానికి మరుపు రాలేదు. శకునాలు లేవు, మహిమలు లేవు అని సభలెక్కి గొంతు చించుకున్న మనిషిని నేను. ఈ వేలికి మాత్రం సమాధానం చెప్పుకోలేకపోతున్నాను.

మావాళ్ళు విజయనగరం నుంచి వచ్చి మల్కాజ్‌గిరిలో స్థిరపడ్డారు. నగరంలో ఎవరి నోట విన్నా సాఫ్ట్‌వేర్ మాటే వినిపించే రోజులవి. నేనూ అలాంటి ఒక కంపెనీలో చేరి, రోజంతా కుర్చీలో కూర్చుని నడుము పాడుచేసుకున్నాను. డాక్టరు ఈత కొట్టమన్నాడు. లాలాగూడలో ఒక చిన్న క్లబ్బు కొలను ఉంటే అక్కడికి వెళ్ళాను. దయామణి టీచర్ పరిచయమైంది అక్కడే. అప్పుడామెకు నలభై నాలుగేళ్ళు. బడిలో లెక్కలు చెప్పేవారు. వయసులో ఉండగా జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చుకున్నారు, పెద్దవాళ్ళ విభాగంలో ఇంకా పోటీ పడుతూనే ఉన్నారు. వెడల్పాటి భుజాలు, పొట్టిగా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు. నేను మునగకుండా తేలడానికి ఆమె మూడు వారాలు నా వీపు కింద చెయ్యి పెట్టి నిలబడ్డారు.

ఆమెకొక పద్ధతి ఉండేది. తన టైము తాను చూసుకునేవారు కాదు. తనను ఓడించాలనుకునేవాళ్ళ చేతికే స్టాప్‌వాచ్ ఇచ్చేవారు. నాకు ఈత పట్టుబడి, ఆమెను దాటిపోవాలన్న పంతం పుట్టాక ఒక ఉదయం దాన్ని నా చేతిలో పెట్టారు.

“నాకెందుకు టీచర్? మీరే చూసుకోవచ్చుగా?”

“నేను చూసుకుంటే రెండు సెకన్లు నాకే కలిసొస్తాయి బాబూ. నువ్వైతే నా మీద కసితో ఉంటావు. పిసరంత కూడా వదలవు.”

గేటు దగ్గర కుర్చీలో ఉన్న కాపలాదారు యాదగిరి నవ్వాడు. “సారు పక్కా కంజూస్ అమ్మా. జెర పైలం.”

దాదాపు మూడేళ్ళు ఆ వాచీ నాదే. నీళ్ళలోకి దూకే ముందు ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారు. నేను ఊరుకుంటానా? “ఆయన వెనక నుంచి తోస్తాడా టీచర్?” అని ఎగతాళి చేసేవాణ్ణి. “తోస్తే నీ వాచీలో పడుతుందిగా, చూసి చెప్పు,” అనేవారు తడి ముఖం తుడుచుకుంటూ. మరోసారి వాళ్ళ బడి సంగతి చెప్పారు. ఒక అమ్మాయి పక్కవాళ్ళది చూసి రాసిందని మిగతా టీచర్లు గొడవ చేశారట. “మరి మీరేం చేశారు?” అని అడిగాను. “ఎదురుగా కూర్చోబెట్టి మళ్ళీ చేయమన్నాను. చక్కగా చేసింది. అనుమానమొస్తే మళ్ళీ చేయించి చూడాలి. దాన్ని జేబులో వేసుకుని ఊరంతా తిరక్కూడదు.” ఆ మాటను మా హేతువాదుల ఆదివారం సమావేశాల్లో నా సొంత మాటలాగా ఎన్నిసార్లు వాడుకున్నానో లెక్కలేదు.

నలభై ఆరో ఏట ఆమెకు భుజం పట్టేసింది. నాలుగు నెలల విశ్రాంతి తర్వాత ఈత తీరే మార్చుకున్నారు. ఒక పక్కకే ఊపిరి తీసుకునే అలవాటు మాని రెండు పక్కలా తీసుకోవడం నేర్చుకున్నారు, కొత్తగా ఈతకొచ్చిన పిల్లలా నీళ్ళు మింగుతూ, దగ్గుతూ. రెండు వందల మీటర్లకు మూడు నిమిషాల పైన పట్టే టైము నెలనెలా కొద్దికొద్దిగా దిగింది. ఆ ప్రతి తగ్గుదలా నా బొటనవేలి కిందే జరిగింది. రాష్ట్ర పోటీల్లో రెండు నిమిషాల యాభై అయిదు సెకన్లకు వచ్చారు. నలభై ఏళ్ళప్పటి తన టైము కన్నా మెరుగు.

అక్కడి నుంచి గుసగుసలు మొదలయ్యాయి. ఈ వయసులో ఆ భుజాలేమిటి, ఆ వేగమేమిటి, సత్తువ పెంచే మందు పడకుండా వస్తుందా అని. అప్పుడు నేనొక చిన్న పత్రికకు వ్యాసాలు రాసేవాణ్ణి. బాబాల విభూతిని కడిగేసిన కలం తెలిసినవాళ్ళ దగ్గర ఆగిపోతే దానికి విలువేమిటని నన్ను నేనే రెచ్చగొట్టుకున్నాను. శరీరం మహిమలు చేయదని వ్యాసం రాశాను. పేరు పెట్టలేదు. లెక్కలు చెప్పే ఒక నడివయసు ఈతగత్తె అన్నాను. ఆమె భుజానికి ఇంజెక్షన్ చేయించుకుందని కూడా రాశాను. ఆ సంగతి కొలను గట్టున నా పక్కన కూర్చుని, నొప్పి ఆపుకుంటూ ఆమె నాకు చెప్పుకున్నది.

జాతీయ పోటీలకు పేర్లు పంపే వారం అది. క్లబ్బు కార్యదర్శి ఆమెతో పాటు నన్నూ పిలిపించాడు. బల్ల మీద నా వ్యాసం ఉంది.

“ఆ ఇంజెక్షన్ చీటీ నేను దరఖాస్తుతోనే ఇచ్చాను, మీ ఫైల్లో ఉంది,” అన్నారామె అతనితో. తర్వాత నా వైపు తిరిగారు. “నన్ను అడగాల్సింది బాబూ. ఎంతసేపు అడిగినా చెప్పేదాన్ని.”

లోకాన్నంతా ప్రశ్నించినవాణ్ణి, ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు.

కార్యదర్శి ఫైలు తిరగేసి, చీటీ చూసి, నన్నడిగాడు. “రోజూ టైము చూసింది మీరేనట. మెల్లగా తగ్గిందా, ఒక్కసారిగా పడిపోయిందా? మీరు చెప్పండి, పేరు పంపిస్తా.”

“నేనేదీ రాసి పెట్టుకోలేదు,” అన్నాను.

ఆమె వాదించలేదు. “రక్తమిస్తాను, ఏ పరీక్షయినా చేయించండి. అది వచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఇప్పుడే మళ్ళీ ఈదుతాను,” అని కొలను దగ్గరకు నడిచి, వాచీ నా ముందుకు చాచారు. “పట్టుకో.”

“ఈదితే వేగం తేలుతుంది టీచర్, కారణం తేలదు.”

“కారణం నీకు తెలుసు. చూస్తూనే ఉన్నావు.”

వాచీ పట్టుకుంటే నా వ్యాసం తప్పని ఒప్పుకున్నట్టే. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

“ఇటియ్యమ్మా, నేను పట్టుకుంట. గీ బటన్ నొక్కుడే గదా?” అంటూ యాదగిరి వచ్చాడు.

ఆమె ఆ రోజు కూడా కళ్ళు మూసుకున్నారు, దూకారు. రెండు పక్కలా ఊపిరి, ఎక్కడా తడబాటు లేదు. చివరి గోడకు ఆమె చెయ్యి తగలగానే యాదగిరి అరిచాడు. “రెండు మినిట్ల యాభై ఆరు! కావాల్నంటే చూస్కోండ్రి సార్!”

కార్యదర్శి నా వైపు చూశాడు. “సరిగ్గానే పట్టాడా?”

“వాచీ నా చేతిలో లేదు,” అన్నాను.

ఆమె పేరు వెళ్ళలేదు. రెండు నెలల తర్వాత పరీక్షలో ఏ దోషమూ లేదని కాగితం వచ్చింది. దొరకనంత మాత్రాన వాడలేదని కాదని అప్పుడు కూడా ఎవరితోనో తర్కం మాట్లాడాను. సవరణ రాయలేదు. ఆమె మళ్ళీ పోటీకి దిగలేదు.

కొన్నేళ్ళకు ఒకసారి అటు వెళితే, తక్కువ లోతులో చిన్నపిల్లల వీపుల కింద చేతులు పెట్టి నిలబడి ఉన్నారు. “బాగున్నావా బాబూ? నడుము నొప్పి తగ్గిందా?” అని అడిగారు. తగ్గిందన్నాను. చెప్పాల్సింది చెప్పకుండానే వచ్చేశాను. ఆ తర్వాత ఆమె ఉద్యోగం విరమించి కాకినాడలో చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోయారని విన్నాను.

అప్పుడు చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ ఉదయం ఆమె చెయ్యి గోడకు తగిలిన క్షణాన, వెనక్కి కట్టుకున్న నా చేతుల్లో బొటనవేలు తనంతట తాను నొక్కుకుంది. సరిగ్గా అదే క్షణంలో యాదగిరి వాచీ టక్కుమనడం విన్నాను. ఇద్దరం ఒకేసారి నొక్కాం. అతను చెప్పాడు. నేను చెప్పలేదు.