ఆలస్యంగా లేచిన అల

మొదట గొంతు వినబడేది. మనిషి ఇంకా మలుపు అవతలే ఉండేది.

“సేపలో... పారలో... వంజరాలో...”

వాల్తేరు ఎత్తు మీది పరిశోధనశాలలో, రెండో అంతస్తులో, సూర్యకళ కిటికీ రెక్క తీసి చెవి ఒగ్గేది. ఒకప్పుడు ఆ పిలుపు ‘వంజరాలో’ అన్న చోట చివర్న పైకి లేచి, గాలిపటంలా కాసేపు అక్కడే ఆగేది. ఆ వేసవిలో మాత్రం నీళ్లు నిండిన శంఖంలా బరువెక్కింది. గొంతు వెనకే నెత్తిన గిన్నెతో నూకాలు వచ్చేది. తారు కరుగుతున్న ఎండలో కూడా ఒంటి మీద స్వెట్టరు.

“గొంతేటి పిన్నీ, అలాగయిపోనాది?” అని కిటికీలోంచే అడిగేది సూర్యకళ.

“వయసే బొట్టీ. ఉప్పుగాలి పట్టీసినాది. పొద్దస్తమానం గొట్టాల్లో సుక్కలు పోసుకుంటావు, నా గొంతుతో నీకేటి పని?”

జాలరిపేట పిల్లలకి గడియారం అక్కర్లేదు. సూర్యకళ ఆ పిలుపు వింటూనే నిద్ర లేచింది, బడికి పరిగెత్తింది, ఎమ్మెస్సీ చదివింది. తల్లి పోయాక ఆమె తలకి నూనె రాసింది ఆ పిన్నే. ఇప్పుడు సూర్యకళ పని కూడా ఒక రకంగా గొంతులు వినడమే.

మెడ ముందు సీతాకోకచిలుకలా వాలి ఉంటుంది థైరాయిడ్ గ్రంథి. కొందరిలో, ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే దాన్ని పరాయిదనుకొని కొరికేస్తాయి. వాటిని ‘ఆగండి, ఇది మన ఇల్లే’ అని వారించే కణాలు వేరే ఉంటాయి. ఆ వారించే కణాల్లో ఒక జన్యువు ఎంత గట్టిగా పలుకుతోందో సూర్యకళ కొలుస్తుంది. రక్తంలోంచి ఆ పలుకుని మోసే ఆర్‌ఎన్‌ఏ తీస్తుంది. వేలి చెమట తగిలినా విరిగిపోయే సున్నితం అది, అందుకని మంచు మీదే ఉంచుతుంది. దాన్ని డీఎన్‌ఏగా మార్చి పీసీఆర్ యంత్రంలో పెడుతుంది. లోపలి చీకట్లో ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. బయట తెర మీద ఆకుపచ్చ గీత నేలని పట్టుకొని పాకి పాకి, ఉన్నట్టుండి అలలా లేస్తుంది. బలంగా పలికే జన్యువు అల ముందు లేస్తుంది. సన్నగిల్లినది ఆలస్యంగా లేస్తుంది. చిన్నప్పుడు ఇసకలో కూర్చొని, నీటి అంచు మీద తెప్ప తల ఎప్పుడు లేస్తుందా అని చూసిన కళ్లతోనే ఆమె ఆ తెరని చూసేది.

రోగులతో పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం కూడా కావాలి. “మా పేట ఆడవాళ్లని అడుగుతాను మేడమ్,” అంది గైడ్ అనూరాధతో. “రోజూ చేపలు తినేవాళ్లం, అయోడిన్‌కి లోటుండదు. గొంతు జబ్బులు కొండల మీదవాళ్లకేగానీ మాకు రావు.” అది పేటలో అందరూ అనే మాట. ఎన్ని పుస్తకాలు చదివినా ఆ మాట మాత్రం ఆమె లోపల, చిన్నప్పటి గవ్వలా, అలాగే ఉండిపోయింది. ముందు ఈ జబ్బుని పట్టిచ్చే యాంటీబాడీల పరీక్ష చేశాకే ఆరోగ్యవంతుల వరసలో చేర్చాలంది అనూరాధ. కిట్లు రావడం ఆలస్యమైంది. సరే, రక్తం తీసి ఉంచుదాం, పరీక్ష తర్వాత చేద్దాం అనుకున్నారు.

ఒడ్డున, లాగి పెట్టిన పడవ నీడలో, అందరికంటే ముందు చెయ్యి చాచింది నూకాలే. థర్మాకోల్ పెట్టెలో మంచు చూసి పగలబడి నవ్వింది.

“ఓలమ్మో, నా రగతం కూడా ఐసేసి అమ్ముతావేటే? బేరం నాను కుదుర్సనా?”

తెర మీద ఆ పేట ఆడవాళ్ల అలలు ఒక్కసారే లేచాయి, ఒకే గాలికి తిరిగొచ్చే పడవల్లా. ఒక్కటి లేవలేదు. అది పాకుతూనే ఉంది. చివరికి రోగుల అలలతో కలిసి లేచింది.

గొట్టం మీద అంకె చూసింది సూర్యకళ. ఎవరిదో తెలుసు. సూది గుచ్చింది తనే. మంచు కరిగి పాడయిందేమో అనుకొని దాచిన మిగతా భాగంతో మళ్లీ చేసింది. సాక్షిగా పక్కన నడిపిన మరో జన్యువు వేళకే లేచింది. నమూనా చెడలేదు. కిట్లు వచ్చాక చేసిన యాంటీబాడీల పరీక్షలో, పలక మీది చిన్న చిన్న గుంటలన్నీ నీళ్లలా తేటగా ఉండిపోయాయి. నూకాలు గుంట మాత్రం, యాంటీబాడీలు ఉన్నాయని చెబుతూ, పసుపు కలిపినట్టు పచ్చబడింది.

సరిగ్గా అప్పుడే కింద మలుపులోంచి పిలుపు వచ్చింది. ఆ పసుపూ, ఆ బరువెక్కిన గొంతూ, ఎండలో స్వెట్టరూ, ఉబ్బిన కనురెప్పలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వచ్చి ఆమె కళ్ల ముందు కలుసుకున్నాయి.

“మనది పరిశోధన. జబ్బో కాదో ఆసుపత్రి చెప్పాలి. ముందు అక్కడికి తీసుకెళ్లు,” అంది అనూరాధ.

నూకాలు వినలేదు. “సముద్రపోళ్లకి కొండోళ్ల జబ్బేటే? నీ మిసనుకే జబ్బు. ఆస్పత్రికెల్తే గొంతు కోసీమంటారు. అరవనేకపోతే నానెవురికి కావాలి? ఈదిలో గిన్నెట్టుకొని మూగదాన్లా నిలబడనా?”

అసలు భయం అదీ. సూర్యకళ వాదించలేదు. మర్నాడు గిన్నె ఖాళీ అయ్యాక పిన్నిని మెట్లెక్కించి, తెర ముందు కూర్చోబెట్టింది. ఏసీ చల్లదనానికి నూకాలు కొంగు చెవుల మీదికి లాక్కుంది.

“ఇయన్నీ బాగున్నోళ్లయి. ఇది నీది పిన్నీ.”

“నాదెందుకు ఎనకబడిపోనాది?”

“ఆగమని సెప్పే గొంతు నీ లోపల సన్నబడిపోనాది. కాపలా కాసేయే నీ గొంతుని కొరికేత్తన్నాయి.”

నూకాలు ఆ ఆకుపచ్చ గీతని వేలితో తడిమింది. కిటికీ అవతల సముద్రం, ఎవరో ఆరేసిన పాత చీరలా, కదిలీ కదలకుండా ఉంది.

“బోటు కింద తిరిగే ఫ్యానుకి సొంత వలే సుట్టుకున్నట్టా?”

“అలాగే.”

“మీ సిన్నాన్న వల అలాగే పోనాది. ఎవుర్ని తిడతావు? వలా మనదే, ఫ్యానూ మనదే.” మెడ మీద చెయ్యేసుకొని, “గొంతు కోత్తారా?” అంది.

“కొయ్యరు. మాత్రేత్తారు. పొద్దున్నే టీకి ముందు ఏసుకోవాల.”

“టీకి ముందా? ఓలమ్మో! దానికన్నా కోసీడమే నయం.”

అలా నవ్వుతూనే ఆసుపత్రికి వెళ్లింది. అక్కడ కూడా అదే తేలింది. థైరాయిడ్ హార్మోను బాగా తగ్గిపోయింది. సూర్యకళ పిన్ని గొట్టాన్ని ఆరోగ్యవంతుల వరసలోంచి తీసి పక్కన పెట్టింది. సముద్రం మీద నమ్మకంతో పేటలో తీసిన నమూనాలన్నిటికీ మొదటి పరీక్ష నుంచి మళ్లీ మొదలుపెట్టింది. పొద్దున్నే టీ పడకపోవడంతో పిన్ని తిట్టే తిట్లు భరించడం కూడా ఆమె దినచర్యలో చేరింది.

వానలు వచ్చి వెళ్లాయి. స్వెట్టరు దండెం మీదికి చేరింది. గొంతు మాత్రం తొందరపడలేదు.

శీతాకాలంలో ఒక పొద్దున. తన గురించి పత్రికలో రాయడానికి వచ్చిన మనిషికి సూర్యకళ యంత్రం చూపిస్తోంది. గీత ఇంకా నేల మీదే పాకుతోంది. మాట మధ్యలో ఆమె చెయ్యెత్తింది. కిటికీ రెక్క తీసింది. మలుపు అవతల ఎవరో పిలుస్తున్నారు.

“ఆగండి. ‘వంజరాలో’ అన్న చోట వినండి... లేచింది కదా? కొంచెం ఆలస్యంగానే, కానీ లేచింది. మీరు ఇక్కడే కూసోండి, నాను కిందకెల్లి పిన్ని గిన్నె దించాల.”