బాపు కూర్చున్న జంపఖానా

ఎనభైలు మొదలైన ఆ కొత్తలో బి.కాం. పాసైన కుర్రాడికి వరంగల్లో రెండే పనులు దొరికేవి. ఒకటి బ్యాంకు పరీక్షలు రాయడం, రెండోది రాస్తున్నానని వాడంతా చెప్పుకుంటూ తిరగడం. మొదటిదాంట్లో నేను తప్పుతూ వచ్చాను గానీ రెండోదాంట్లో నన్ను మించినవాడు మా వాడలో లేడు. మాది తాతల నాటి నుంచీ జంపఖానాల నేత. బాపు, అన్న ఒకే మగ్గం దగ్గర పక్కపక్కన కూర్చుని నేసేవారు. అమ్మ నూలుకు రంగులేసేది. నేను నీడపట్టున కూర్చుని ఇంగ్లీషు పేపరు చదివేవాణ్ణి. (చదువుకున్నవాడి చేతికి పోగులు దిగగొట్టే ఇనుప పంజా ఇస్తే చదువు ఎగిరిపోతుందని మా అమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని నేనెన్నడూ చెడగొట్టలేదు.)

ఆ ఏడు జంపఖానాలు కొనేవాడు లేడు. బజారులో సేట్లు మా సరుకు మొహం కూడా చూడటం మానేశారు. మగ్గం ఆగిన ఇంటి మగవాడు ఎక్కడికి పోతాడో మా వాడలో ఎవర్నీ అడగనక్కర్లేదు. బొంబాయి పక్కనున్న భీవండికి. అక్కడి మిషన్ మగ్గాల మీదికి మనుషుల్ని తీసుకుపోవడానికి అమ్మకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన ప్రతి దసరాకూ వచ్చేవాడు. ఆయన్ని భీవండి మామ అనేవాళ్లం. ఆసారి ఆయన చూపు మా అన్న మీద పడింది, మళ్లీ దసరాకు వచ్చి తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు. అన్నకు పెళ్లయి ఏడాది కూడా కాలేదు. పోనని అనలేడు, పోతానని నోరు రాదు. "ఆ మిషన్ల మోతల చెవులు పోతయటరా. మాట్లాడుకునుడు సుత సైగలేనట" అని ఒకసారి నాతో అన్నాడు. అన్న పాటలు పాడుకుంటూ నేసే మనిషి.

అప్పుడే నాకు ఆడవాళ్ల ఇంగ్లీషు పత్రికొకదాంట్లో జ్ఞానోదయమైంది. బొంబాయి, ఢిల్లీ ఆడవాళ్లు బజారు మొహం చూడకుండా, ఇంట్లో కూర్చుని, పుస్తకంలో బొమ్మ చూసి సామాన్లు పోస్టులో తెప్పించుకుంటున్నారట. పోస్ట్‌మన్‌కు డబ్బు కట్టి పార్శిల్ తీసుకుంటారట. నచ్చకపోతే వాపసట. ఇంకేం, నేను పీటేసుకుని కూర్చుని ఇంట్లో అందరికీ ఉపన్యాసం ఇచ్చాను. మధ్యలో సేట్లు అక్కర్లేదు, మన మగ్గం నుంచి సీదా బొంబాయి మేడల్లోకే అన్నాను. దానికి తపాలా దుకాణమని పేరు కూడా పెట్టాను. బాపు తెగిన పోగు ముడేసుకుంటూ కూర్చున్నాడు. అన్న మాత్రం పంజా పక్కన పెట్టి అడిగాడు.

"నడుస్తదారా ఇది?"

"నడుసుడేంది అన్నా, ఉరుకుతది."

"అయితే మామకు నేను రానని చెప్పేస్త." అంతే, మళ్లీ పంజా అందుకున్నాడు. ఆ ఒక్క మాటతో ఇంటి బరువంతా నా నెత్తిన పెట్టాడు. నేనేమో పూలదండ వేసినట్టు మురిసిపోయాను.

బొమ్మల పుస్తకానికి ఫోటోలు కావాలి కదా. మట్టెవాడలో ఒక స్టూడియో ఉండేది. దాని యజమానిని హంసల సేటు అనేవారు. ఆయన దగ్గర ఉన్నది ఒకటే తెర, దాని మీద చెరువులో హంసలు. పెళ్లి ఫోటో అయినా, పరీక్ష ఫోటో అయినా మా ఊరివాళ్ల వెనక ఆ హంసలే. రంగుల ఫిల్ము మాకు అందే బేరం కాదు. ఆయనే తెలుపు నలుపు ఫోటో తీసి, కుంచెతో రంగులద్దుతానన్నాడు. జంపఖానాలన్నీ రిక్షాకెత్తుకుని బయల్దేరాం. మా సరుకు మీద ఎవరి దిష్టి పడుతుందోనని అమ్మ కూడా వచ్చింది. మొదటి జంపఖానా పరిచి, అందరూ పక్కకు తప్పుకోండని నేను అనగానే అమ్మ అడ్డం వచ్చింది.

"ఖాళీగ పరవకురా బిడ్డా. మనిషి పోయినింట్లనే జంపఖానా ఖాళీగ పరిచి, వచ్చేటోళ్ల కోసం చూసుకుంట కూసుంటరు."

అది మా ఇంటి పట్టింపు. మగ్గం దిగిన జంపఖానా మొదటిసారి పరిస్తే ఇంటి మనిషి దాని మీద కూర్చోవలసిందే. ఇది వ్యాపారం, ఇందులో పట్టింపులేమిటని నేను వాదిస్తుంటే అమ్మ జంపఖానా చుట్టేయడం మొదలుపెట్టింది. అప్పుడు బాపు చెప్పులు విడిచి, వచ్చి మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గొడవ తీరింది. మా బాపు పొట్టి మనిషి. నిలబడితే అన్న భుజం దాకా వచ్చేవాడు. కెమెరా అలవాటు లేదేమో, ఠాణాలో కూర్చోబెట్టిన మనిషిలా బిగుసుకుపోయి ఉన్నాడు. నీలి చారల జంపఖానా మీద బాపు, ఎర్ర పువ్వుల జంపఖానా మీద బాపు, చిలకపచ్చ జంపఖానా మీద బాపు. వెనక హంసలు. సేటు అలవాటు కొద్దీ బాపు బుగ్గలకు గులాబీ రంగు, మీసానికి నల్లరంగు కూడా అద్దాడు. ఫోటోలు చూసి, పెళ్లినాడు కూడా ఇంత కళ లేదని అమ్మ మురిసిపోయింది.

నూలుకు పెట్టగా మిగిలిన గంజితో ఇల్లంతా కూర్చుని ఫోటోలు అంటించాం. కింద ఇంగ్లీషు నాది. (ఆ ఇంగ్లీషు ఇప్పుడు చదివితే బ్యాంకు పరీక్ష పేపర్లు దిద్దినవాళ్ల మీద నాకున్న కోపం పోతుంది.) పొడవు, వెడల్పు చక్కగా రాశాను. నచ్చకపోతే వాపసు తీసుకుంటామని, రానూపోనూ పోస్టు ఖర్చు మాదేనని అడుగున గీత కొట్టి మరీ రాశాను. పత్రికలో చిన్న ప్రకటన వేశాం. పుస్తకాలు అడిగి తెప్పించుకున్నారు. తర్వాత, నమ్మండి, ఆర్డర్లు వచ్చాయి. బాంద్రా, మలబార్ హిల్, కరోల్ బాగ్ అనే పేర్లు మా గుమ్మం ముందు పోస్ట్‌మన్ నోట వినపడుతుంటే వాడంతా తొంగి చూసేది. దసరాకు వచ్చిన భీవండి మామకు వదిన చాయ్ ఇచ్చింది. అన్న మాత్రం రానని చెప్పి పంపేశాడు. మగ్గం పొద్దంతా ఆడింది. అన్న పాటలు వీధి చివరి దాకా వినిపించాయి. నేను సిరా పెన్ను జేబులో పెట్టుకుని, మెడ పైకెత్తి, నన్ను నేనే సేటనుకుంటూ తిరిగాను.

ఆ సంబరం ఎన్నాళ్లో నిలవలేదు. వెళ్లిన పార్శిళ్లు ఒక్కొక్కటే తిరిగి రావడం మొదలైంది. మీ జంపఖానా బొమ్మలో ఉన్నంత పెద్దగా లేదని ఒక మేడమ్మ రాసింది. హాల్లో పరిస్తే సోఫా ముందు తువ్వాలు ఆరేసినట్టుందని ఇంకొకామె. మూడో ఆమె మమ్మల్ని మోసగాళ్లన్నది. పొడవు వెడల్పు రాశాం కదా, ఇదేం తిప్పలని తల బద్దలు కొట్టుకున్నాను. చివరికి అన్నకే తట్టింది. పుస్తకం చేతిలోకి తీసుకుని, బాపును చూసి, మళ్లీ ఫోటో చూసి, తల పట్టుకున్నాడు. కింద రాసిన కొలతలు ఎవరు చదువుతారు? పట్నం వాళ్లు బాపును కొలబద్దగా పెట్టుకున్నారు. అందరూ ఆయన్ని తమ ఇంటాయనంత ఎత్తు మనిషనుకుని, ఆ లెక్కన హాలంతా పరుచుకోవచ్చనుకున్నారు. బాపు పొట్టివాడు కాబట్టి జంపఖానా మైదానంలా కనపడింది. ఆయన కూర్చోవడం వల్లే అమ్ముడుపోయింది, ఆయన కూర్చోవడం వల్లే తిరిగొచ్చింది.

ఇది మా తప్పు, సరే. మరి మిగతావి? ఒక పార్శిల్ విప్పితే పలావు మెతుకులు రాలాయి. ఇంకోదాని మడతలో వాడిన మల్లెపూలు, కేకు మీది క్రీము మరక. పుట్టినరోజు పార్టీకి పరిచి, వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మర్నాడు రంగు నచ్చలేదని చీటీ పెట్టి పంపేశారు. వాపసు తీసుకుంటామని గీత కొట్టి రాసినవాణ్ణి నేనే కదా, నోరెత్తలేను. అమ్మ ఆ మరకలు ఉతుకుతూ కూర్చునేది. బాపు నేసిన పనిని వాళ్లు కాళ్ల కింద వేసుకున్నందుకు కాదు, ఉతకకుండా పంపినందుకు నాకు ఒళ్లు మండిపోయింది. ఇంగ్లీషులో తిట్లు నేర్చుకోలేదే అని మొదటిసారి బాధపడ్డాను.

అయినా నేను ఓడిపోతే అన్న రైలెక్కుతాడు. మళ్లీ హంసల సేటు దగ్గరికి పోయాం. ఈసారి అన్నను కూర్చోబెట్టాం. అన్న ఆజానుబాహువు. ఆయన కూర్చునేసరికి జంపఖానా ఆసనమంత అయిపోయింది. అబద్ధం లేదు, మోసం లేదు, ఆర్డర్లు కూడా లేవు. పోస్ట్‌మన్ మా వీధిలో సైకిలు దిగడం మానేశాడు.

"బాపు కూసుంటే పోయినయన్ని వాపస్ వస్తానయి. నేను కూసుంటే పోనే పోతలేవు. నడిమిట్ల మనిషిని ఏడికెళ్లి తెద్దాంరా?" అన్నాడు అన్న. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం.

మిగిలింది ఒకటే దారి. దాన్ని నేను నోటితో అనలేదు. మరోసారి స్టూడియోలో జంపఖానా పరిచాక, బాపు ఎప్పటిలాగే చెప్పులు విడిచి నిలబడ్డాడు గానీ దాని మీద అడుగు పెట్టలేదు. "ఖాళీగనే తియ్యిరా. ఇల్లు నడవాలె గద" అని పక్కకు జరిగాడు. అమ్మ ఈసారి చుట్టేయలేదు. మొహం గోడవైపు తిప్పుకుని నిలబడింది. సేటు ఫోటో తీశాడు. చెరువు, హంసలు, ముందు ఖాళీ జంపఖానా. ఫోటో కడిగి చూస్తే ఒక మూల బాపు కాలివేళ్లు పడ్డాయి. అంత దూరమే జరగగలిగాడు ఆయన.

ఆ పుస్తకాన్ని బొంబాయి మేడలు మెచ్చాయో లేదో నాకు తెలియదు. మళ్లీ ప్రకటన వేసే తాహతు మాకు లేకపోయింది. వదినకు నెలలు నిండుతున్నాయి. తిరిగొచ్చిన జంపఖానాలు దూలం దాకా పేరుకున్నాయి. మామ మళ్లీ వచ్చాడు. ఈసారి అన్న బట్టలు సర్దుకున్నాడు. పడుకోవడానికి ఆ గుట్టలోంచి ఒక జంపఖానా లాక్కుని చుట్టి చంకన పెట్టుకున్నాడు. బొంబాయికి పోయి, చిన్నదని తిరిగొచ్చినది మళ్లీ అదే దారి పట్టింది. స్టేషన్లో బండి కదిలేటప్పుడు, తపాలా దుకాణం మళ్లీ తెరుద్దాం ఫికర్ చేయకని నాకే ధైర్యం చెప్పాడు. ఇంటికొచ్చాక అమ్మ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఖాళీగ పరవద్దంటే ఇన్నరా మీరు? మనిషి పోయిండు" అన్నది, అంతే.

నేను తర్వాత ఒక సొసైటీ ఆఫీసులో గుమస్తానై, పెన్షన్ కూడా తెచ్చుకున్నాను. అన్న ముప్పై ఏళ్లకు పైగా మిషన్ల మధ్య నిలబడి, జుట్టూ వినికిడీ అక్కడే వదిలేసి తిరిగొచ్చాడు. ఇప్పుడు పాడడు. తన పాట తనకే వినపడదు కదా. మొన్న నా మనవరాలు ఫోనులో ఒక దుకాణం చూపించింది. నీలి చారల జంపఖానా. దాని మధ్యలో తలపాగా చుట్టిన ఒక ముసలాయన, మా బాపులాగే బిగుసుకుపోయి కూర్చున్నాడు. నేసిన మనిషి కనపడితేనే పట్నం వాళ్లు కొంటారట తాతా, కావాలనే కూర్చోబెడతారట అన్నది. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మా బాపు మరీ ముందుగా కూర్చున్నాడన్న మాట. (మా ఇంటి గోడ మీద ఆయనకున్న ఒకే ఒక్క ఫోటో అదే, గులాబీ బుగ్గలు, వెనక హంసలు.)

అన్నకు ఫోను అందించి చెవిలో అరిచి చెప్పాను. ఆయన చాలాసేపు చూశాడు. ఖాళీగా పరవలేదు, మంచి పని చేశారన్నాడు. కింద ఎవరో ఏదో రాశారే, ఏమిటని అడిగాడు. కొన్నవాళ్లలో ఒకామె, బొమ్మలో ఉన్నంత పెద్దగా లేదు, వాపసు పంపుతున్నానని రాసింది. అదే అరిచి చెప్పాను. అన్న నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

"చిన్నగున్నదంటనా? నేను తీసుకపోయింది భీవండిల నా రూంల పట్టకపోతుండెరా. అన్ని ఏండ్లు సగం మడిచే పరుసుకుంటుంటి."

ఈ మాట ఆయన ఇన్నేళ్లలో నాతో ఎన్నడూ అనలేదు. సిరా పెన్ను జేబులో పెట్టుకుని, పొడవు వెడల్పు తప్పుల్లేకుండా రాశానని మెడ పైకెత్తుకు తిరిగిన ఆ బి.కాం. కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, వాడి లెక్క బొంబాయి మేడల దాకానే వెళ్లింది. అన్న ఇంకా నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను.