కన్ను లేని పిట్ట తరఫు వకీలు

మా వీధి వకీల్ సాబ్ పోయారు. నేను నాగర్‌కర్నూల్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్తాను. అక్కడ ఉండగానే అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, వకీల్ సాబ్ పోయిండు. పొద్దుగాల నమాజుకు లేసి, కాళ్లు చేతులు కడుక్కుంటనే ఒరిగిండట. జర తొందరగ రా" అని పెట్టేసింది. బస్సు వనపర్తి దాటేదాకా నాకు ఏడుపు రాలేదు. వచ్చాక కూడా అది మనిషి పోయినందుకు మాత్రమే వచ్చిన ఏడుపు కాదు. ఆయన మొదలుపెట్టిన పని ఒకటి సగంలో ఆగిపోయింది. దాన్ని మళ్లీ ఎత్తుకునే మనిషి నాకు కనిపించడం లేదు.

గద్వాల కోర్టులో ఆయన పెద్ద పేరున్న వకీలేమీ కాదు. పొలం గట్టు తగాదాలు, ఇంటి గోడ తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, అంతే. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. డిగ్రీ అయిపోయి, కర్నూలులో కంప్యూటర్ కోర్సు చేసి, ఏ ఉద్యోగమూ రాక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న నన్ను పిలిచి, "ఊకె తిరిగితే చెప్పులరుగుతయి బేటీ, వచ్చి నా పిటిషన్లు టైప్ చెయ్" అన్నారు. నేను ఆయన్ని చాచా అనేదాన్ని. అమ్మ మాత్రం, "ఆయన వకీలా, నువ్వు వకీలా? పొద్దుమాపు ఆడనే ఉంటవ్" అని సణిగేది.

వచ్చిన మనిషికి ముందు మంచినీళ్లిచ్చేవారు. ఆ తర్వాత అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ చెప్పిందంతా వినేవారు. అంతా విన్నాక, "ఇగ నేను చెప్త, తప్పుంటే ఆపు" అని ఆ కథనే వాళ్లకు తిరిగి చెప్పేవారు. చాలామంది తమ కథను ఆయన నోట వింటున్నప్పుడే తల గోక్కునేవారు. "అంతగనం ఏం కాలే సాబ్, జర ఎక్కువ చెప్పిన" అని ఒకాయన లేచి వెళ్లిపోవడం నేను చూశాను. అట్లా పోయిన కేసుల గురించి ఆయన భార్య, మా చాచీ, దెప్పితే, "పోనీ, ఇద్దరన్నదమ్ములు ఇయ్యాల ఒక్కకాడ తింటరు" అనేవారు.

నేను చెప్పాలనుకుంటున్నది తిమ్మప్ప కేసు గురించి.

తిమ్మప్ప, జములమ్మ మా వెనక వీధిలో చీరలు నేస్తారు. వాళ్ల ఇంట్లో రెండు మగ్గాలు. ఒకసారి హైదరాబాదు నుంచి ఒక చీరల కంపెనీ మనుషులు కెమెరా పట్టుకుని వచ్చారు. పాత అంచులు చూస్తామన్నారు. మా నేతవాళ్ల ఇళ్లలో చీర చూస్తానన్న మనిషిని గడపలో నిలబెట్టరు. చాప పరుస్తారు, పెట్టె తెరుస్తారు. జములమ్మ చాయ్ పెట్టి, తన అత్త పెండ్లి చీర కూడా తీసి చూపించింది. వాళ్లు అన్నిటినీ ఫొటోలు తీసుకుని దండం పెట్టి పోయారు.

కొన్నాళ్లకు జములమ్మ చెల్లెలు వనపర్తి బజారులో కొన్న మిల్లు చీర కట్టుకుని వచ్చింది. ఆ అంచు చూసి జములమ్మ నోరు తెరిచింది. కోట బురుజుల్లా కొనలు తేలిన అంచు వేరే ఇంటిది, మధ్యలో తీగ ఇంకో ఇంటిది, కింద వరసగా ఉన్న పిట్టలు మాత్రం అచ్చంగా ఆమె అత్తగారివి. ఆ అత్తగారి ఇంట్లో ఒక అలవాటు ఉంది. దిష్టి తగలకుండా చీర మొత్తంలో ఒక్క పిట్టకు కన్ను పెట్టకుండా వదిలేస్తారు. మిల్లు చీరలో మాత్రం రెండు పిట్టలకు కన్ను ఉంటే మూడోదానికి లేదు. చీర పొడుగునా అంతే.

"చూసినవా వకీల్ సాబ్," అంటూ జములమ్మ ఆ చీర కొంగు చాచా ముందు పరిచింది. "మా అత్త సచ్చినంక గూడ నన్ను ఇడుస్తలేదు. నా చెల్లెలి నడుము మీద ఎక్కి కూసున్నది."

అందరం నవ్వాం. తిమ్మప్ప నవ్వలేదు. వాళ్లతో చీరలు నేయించుకునే షావుకారు ఆ వారం నుంచే వాళ్ల రెండో మగ్గానికి నూలు ఇవ్వడం ఆపేశాడు. అవే పిట్టలు మిల్లు చీర మీద చౌకగా దొరుకుతుంటే మీ చీర ఎవరు కొంటారని అన్నాడట.

చీర మీది ముద్ర ఆ హైదరాబాదు కంపెనీదే. చాచా వాళ్లకు నోటీసు పంపారు. జవాబు ఇంగ్లిషులో వచ్చింది. ఈ అంచు ఎవరిదీ కాదు, ఎవరూ గీయలేదు, వందల అంచులు చూసి కంప్యూటర్ కొత్తగా తయారుచేసింది అని. నేను చదివి అర్థం చెప్పాను. ఆయన అడకత్తెర కింద పెట్టారు.

"బేటీ, ఆ డబ్బా సొంతంగ బొమ్మ గీస్తదా?"

"గీయదు చాచా. మనం చూపించినవన్నీ లోపల పెట్టుకుంటది. ముక్కలు చేసి, అటు ఇటు కలిపి కొత్తదాని లెక్క తీస్తది."

"మరి ఆ పిట్టకు కన్నెందుకు లేదో దానికి తెల్వదా?"

"దానికేం ఎరుక? అది గూడ డిజైనే అనుకున్నది."

ఆయన మోకాలు చరుచుకుని నవ్వారు. "తెల్వనోడు దొంగతనం చేస్తే గిట్లనే దొరుకుతడు!" అడకత్తెర మళ్లీ అందుకుని అన్నారు: "మిషన్‌కు గూడ తల్లిగారిల్లు ఉంటది బేటీ. యాడికెల్లి వచ్చినవమ్మా అని ఎవరో ఒకరు అడగాలె గద."

ఆ నెలల్లో ఆయన చదివినంతగా నేను డిగ్రీకి కూడా చదవలేదు. డిజైను రిజిస్టర్ చేయించలేదని అవతలి వకీలు అంటాడని ఆయనకు తెలుసు. చట్టాల పుస్తకాల్లో ఈ కేసుకు సరిపోయే మాట దొరకలేదు. "చట్టం మనిషి ఎన్కల నడుస్తది, అది గూడ చెప్పుల్లేకుండ" అనేవారు. అయినా ఒక్క మాట మీద నిలబడ్డారు: చూడనివ్వడం వేరు, ఇవ్వడం వేరు. వాళ్లు చూస్తామన్నారు, వీళ్లు చూడనిచ్చారు. మిషన్‌లో వేసుకుంటామని వాళ్లూ అడగలేదు, వేసుకోండని వీళ్లూ అనలేదు. ఆ పిట్ట తిమ్మప్ప ఇంటిదేనని కోర్టులో నిలిస్తే, మిగతాది తాను చూసుకుంటానన్నారు.

విచారణ రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. హైదరాబాదు వకీలు చాలా మర్యాదగా అడిగాడు.

"తిమ్మప్ప గారూ, ఈ పిట్ట మీ సొంతమేనా?"

"సొంతమంటే ఎట్ల సారూ," అన్నాడు తిమ్మప్ప. "అది మా అమ్మోళ్ల తల్లిగారింటి నుంచి వచ్చింది. మాకాడ సంబంధం కలుపుకున్నప్పుడు ఒకరి అంచు ఒకరికిస్తం. మేం వాళ్లకు ఇంకోటిచ్చినం. వాళ్లకు ఈ పిట్ట అయిజ ఊరి దిక్కు సంబంధంల వచ్చిందంట. నాదని ఎట్లంట? రేపు వాళ్ల మొఖం ఎట్ల చూడాలె?"

చాచా కళ్లు మూసుకున్నారు. జడ్జి గారు కూడా పెన్ను ఎత్తి కాసేపు ఆగారు, ఈ మనిషి ఇంకొక్క ముక్క చెప్తాడేమోనని. తిమ్మప్ప దండం పెట్టి బోను దిగాడు. దావా కొట్టేశారు.

బయట జములమ్మ మొగుణ్ని వదలలేదు. "నాది అంటే నీ నోట్లెకెల్లి ముత్యాలు రాలుతుండెనా?" తిమ్మప్ప తల దించుకున్నాడు. "అబద్ధమెట్ల ఆడాలెనే? పిల్లనిచ్చినోళ్లు వాళ్లు."

చాచా మధ్యలోకి వచ్చారు. "ఆయన్ని అనకు బిడ్డా. ఆయన నిజం చెప్పిండు. తప్పు నాది. అందరి దాన్ని ఒక్కని పేరు మీద ఏసిన. నేను నీళ్లిచ్చిన, కథ విన్న, తిరిగి చెప్పిన. గని ఆ పిట్ట యాడికెల్లి వచ్చిందని ఆ డబ్బాను అడిగిన గని, తిమ్మప్పను అడగలే."

ఆ మాట ఆయన ఆ తర్వాత చాలాసార్లు అన్నారు. నవ్వులేకుండా ఆయన అన్న మాట అదొక్కటే.

తిమ్మప్ప రెండో మగ్గం విప్పేసి పత్తి చేలకు కూలికి పోవడం మొదలుపెట్టాడు. చాచా ఈసారి నేతవాళ్లంతా కలిసి వేసే దావాకు పూనుకున్నారు. సాయంత్రం కోర్టు నుంచి వచ్చి, కోటు విప్పి, గొడుగు కర్రలా ఊనుకుంటూ ఇంటింటికీ తిరిగేవారు. ఎవరూ రానని అనలేదు. అదే కష్టమైంది. ఒకరింట్లో పెండ్లి. ఇంకొకరు అదే కంపెనీకి నేస్తున్నారు. రెండు కుటుంబాలు ఏనాటి కోపమో ఒక గదిలో కూర్చోవు. అందరిదీ ఒకటే మాట: "మీరు చెప్తే కాదంటమా సాబ్? వాళ్లొస్తే మేమొస్తం."

"అందరు వాళ్లొస్తే అంటున్నరు బేటీ," అన్నారొక సాయంత్రం కాళ్లు చాపుకుని. "ఆ వాళ్లు యాడుంటరో జర నీ కంప్యూటర్ల చూడు."

నాకు నాగర్‌కర్నూల్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన ఆపలేదు. "పో. ఈడ కూసుంటే నీకు రెక్కలు దురద పెడ్తయి" అన్నారు. "గని నీకాడ నేర్చుకునేటోళ్లకు మొట్టమొదలు ఒకటి చెప్పు. డబ్బాల ఏదన్న పెట్టేముందు, ఇది ఎవరిదని అడగమను." కొత్త బ్యాచి వచ్చినప్పుడల్లా చెప్తున్నాను. పిల్లలు నవ్వుతారు. మౌస్ పట్టుకునే తొందర వాళ్లది.

మొన్న నేను ఇంటికి చేరేసరికి ఆయన్ని మోసుకుని జనాజా బయలుదేరింది. ఖబరస్తాన్ లోపలికి ఆడవాళ్లం పోము కాబట్టి గేటు బయట రోడ్డు మీద నిలబడ్డాం, నేనూ జములమ్మా. ఆ రోజు వెనక వీధిలో ఏ మగ్గమూ ఆడలేదు. ఆయన ఒక్క సాయంత్రానికి కూడా ఒకచోట కూర్చోబెట్టలేకపోయిన వాళ్లంతా వచ్చారు. పెండ్లి ఇంటివాళ్లు, కంపెనీకి నేసేవాళ్లు, ఎడమొహం పెడమొహంగా ఉండే ఆ రెండు కుటుంబాలవాళ్లు. ఒకరి వెనక ఒకరు వంగి పిడికెడు మన్ను వేశారు.

"అందరొచ్చిండ్రు," అంది జములమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "ఇప్పుడొచ్చిండ్రు."

మన్ను వేసినవాళ్లు గేటు పక్కన బోరింగు దగ్గరికి వచ్చారు. తిమ్మప్ప కొడుతుంటే, అతని మేనమామ కొడుకు, ఆ పిట్టనిచ్చిన ఇంటివాడు, చేతులు కడుక్కున్నాడు. తర్వాత అతను కొడితే ఇంకొకరు కడుక్కున్నారు. బోరింగు పిడి ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోతూనే ఉంది. ఎర్రమన్ను కలిసిన నీళ్లు సన్నటి కాలువై, రోడ్డు మీద మా కాళ్లను తాకుతూ పోతున్నాయి.