మా నాయన కట్టిన ఉయ్యాల బండి

ఏ వస్తువును చూసినా, దీన్ని చేసేముందు వాడుకునేవాళ్లను ఒక్క మాటైనా అడిగారా లేదా అని ఆరా తీయడం నాకు అలవాటు. ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తం అంటారు. అననీ. మొన్న మా వంటింట్లో కొత్త గట్టు కట్టించారు. నున్నటి రాయి, అంచులకు నగిషీ, వచ్చినవాళ్లంతా ఆహా అన్నారు. దాని మీద పొయ్యి పెట్టాక గిన్నెలో ఏం ఉడుకుతోందో నాకు కనిపించదు, వాసన పట్టి వండాలి. కట్టిన మేస్త్రీ నాకంటే మూరెడు పొడుగు, తన ఎత్తుకు తాను కట్టుకుపోయాడు. నాలుగు దులుపుదామని నోరు తెరిచి కూడా ఊరుకున్నాను. మా నాయన గుర్తొచ్చాడు. ఆయన కూడా ఒకసారి సరిగ్గా ఇదే పని చేశాడు, అదీ ప్రాణాలతో ముడిపడ్డ పనిలో.

మా నాయన సూర్యాపేటలో వడ్రంగి. ఎడ్లబండ్లు చెయ్యడంలో ఆయనకు పేరుండేది. మిర్యాలగూడ వైపు నుంచి, కోదాడ వైపు నుంచి కూడా రైతులొచ్చి బండ్లు చేయించుకుపోయేవాళ్లు. నలభైల చివర్లో గొడవలు ముదిరి, ఊళ్ల మీద దాడులు మొదలయ్యాక, మేము కూడా ఇంటికి తాళం వేసి కోదాడలో మేనత్త ఇంటికి పోవాల్సి వచ్చింది. మా అక్క అప్పుడు తొలిచూలు కాన్పుకు మా ఇంటికొచ్చి ఉంది. నెలలు నిండాయి. నాయన తాను చేసిన బండిలోనే గడ్డి పరిచి, దాని మీద ఆమెను పడుకోబెట్టి, రోడ్డు వదిలి చేలలోంచి గట్ల మీదుగా తోలాడు. కోదాడ చేరాక కాన్పయింది. బిడ్డ చనిపోయి పుట్టింది.

"నా బండే మింగింది" అని నాయన అమ్మతో ఒకే ఒక్కసారి అన్నాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అక్క తేరుకున్నాక బావ వచ్చి మిర్యాలగూడ తీసుకుపోయాడు. సాగనంపడానికి నాయన వాకిట్లోకి కూడా రాలేదు. ఆ బాధ ఆయన్ని లోపల్లోపల తినేస్తోందని మా అందరికీ తెలుసు, అక్కకు తప్ప.

పోలీసు చర్య జరిగింది, దాడులు ఆగాయి, మేము సూర్యాపేట తిరిగొచ్చాం. మా ఇల్లు నిలిచే ఉంది. వాకిట్లో నిలబడి గట్టిగా మాట్లాడుకోవడమే అప్పుడు పెద్ద పండుగలా అనిపించేది. ఆ వానాకాలం ముగిసే రోజుల్లోనే బావ దగ్గర్నుంచి కబురొచ్చింది. అక్కకు తొమ్మిదో నెల, వచ్చి తీసుకుపొమ్మని. అక్కడ ఆడదిక్కు లేదు, బావకు తల్లి ఎప్పుడో పోయింది. అల్లుడింట్లో మకాం వేసి పురుడు పోయడమన్నది మా అమ్మ ఊహకు కూడా అందని సంగతి. ఆ దారిన బస్సు ఇంకా తిరగడం లేదు. గొడవల్లో రోడ్డుకు అడ్డంగా తవ్విన గుంతల్లో తర్వాత మన్ను పోశారు గానీ, ఆ మన్నంతా వానలకు కుంగిపోయింది. మళ్లీ ఎడ్లబండే గతి.

నాయన వారం పాటు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున లేచి గూడుబండిని వాకిట్లోకి లాక్కొచ్చి పని మొదలుపెట్టాడు. కుదుపు తగలని బండి చేస్తానన్నాడు. గూడుకు రెండు కొత్త వాసాలు బిగించి, వాటికి కమ్మరి చేసిచ్చిన కొక్కాలు తగిలించి, నులక అల్లిన చిన్న మంచాన్ని తాళ్లతో వేలాడదీశాడు. చక్రం గుంతలో పడ్డా, మంచం గాలిలోనే ఊగుతుంది తప్ప దెబ్బ తగలదు. మా వీధి వీధంతా ఆ పనిలో దిగింది. దూదేకులాయన మెత్తటి పరుపు కుట్టిచ్చాడు. పక్కింటి ఆమె పాత చీరలు పేని తాళ్లకు చుట్టింది, ఒళ్లు ఒరుసుకోకుండా. నాయన అంతటితో ఆగుతాడా? దుమ్ము కొట్టకుండా గూడు ముందువైపు పలక బిగించాడు. ఊరికే పలక ఏం బాగుంటుందని దాని మీద చిలకల జంట చెక్కాడు. చిలకల చుట్టూ తీగ, తీగకు పువ్వులు.

కోదాడ దారిలో మాత్రం బస్సులు మళ్లీ నడుస్తున్నాయి గనక అక్కణ్నుంచి మేనత్త దిగింది. ఆమె చేతి మీదుగా ఎన్ని కాన్పులయ్యాయో ఆమెకే తెలియదు. బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏరా తమ్ముడూ, ఇందులో మనిషిని తీసుకొస్తావా, దేవుణ్ణి ఊరేగిస్తావా?" అంది. అందరం పడీపడీ నవ్వాం. నాయన నవ్వలేదు.

బండిని పరీక్షించడానికి నన్ను ఎక్కించారు. నాకప్పటికి పెళ్లి కుదిరి ఉంది, అక్క కాన్పు కోసమే ముహూర్తం ఆపారు. పెళ్లికూతుర్ని గుంతల్లో తిప్పడమేంటని నేను గొణిగాను గానీ ఎవరు వింటారు? మంచం మీద పడుకోబెట్టి, నా పొట్ట మీద నీళ్లచెంబు పెట్టి, చెరువు కట్ట దాకా తోలారు. నీళ్లు తొణికాయే గానీ ఒలకలేదు. నాయన చెంబులోకి తొంగి చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. చాలాకాలానికి ఆయన ముఖం కొంచెం తేటపడింది.

అక్కను తేవడానికి నాయన, నేను బయల్దేరాం. ముగ్గురు పోకూడదని అమ్మ ఆగిపోయింది. మిర్యాలగూడలో బావ బండిని చూసి మురిసిపోయాడు. అక్క చిలకల మీద చెయ్యి వేసి నిమిరింది. మర్నాడు పొద్దున్నే ఆమెను మంచం మీద పడుకోబెట్టి బయల్దేరాం. నేను వెనకవైపు ఒక మూలకు ముడుచుకుని కూర్చున్నాను. ఊరు దాటి ఎంతో దూరం పోలేదు, అక్క కేకపెట్టింది.

"నాయినా, ఆపు! జర ఆపు!"

బండి ఆగీ ఆగకముందే దిగి, పక్కకు పోయి వాంతి చేసుకుంది. నాయన పగ్గాలు వదిలేసి పరుగెత్తాడు. "ఏమాయె బిడ్డా? ఏడన్న కుదిపిందా?" అన్నాడు.

"కుదుపలే" అంది అక్క, నోరు తుడుచుకుంటూ. "గదే పరేషాన్. ఏడ పోతున్నమో తెల్వది, ముంగట ఏమొస్తదో తెల్వది. పైన తడిక తప్ప ఏం కనబడది. పాడె మీద పండుకున్నట్టుంది నాయినా. నేనిండ్ల ఎక్క. నడిసొస్త."

నాకు ఒళ్లు మండింది. "తొమ్మిదో నెల పెట్టుకొని సూర్యాపేట దాక నడుస్తవా? బుద్ధుందా నీకు? నాయిన ఎంత తిప్పలపడి చేసిండో ఎరుకనా?"

"అయితే నువ్వు పండు, నేను తోల్త" అంది. అక్క కూడా నాకేమీ తీసిపోదు.

పాడె అన్న మాట నాయనకు తగలరాని చోట తగిలింది. రోడ్డు పక్కన కూలబడిపోయాడు. ఇక ఈ మనిషి లేవడనుకున్నాను. కాసేపటికి తలెత్తి, "మరెట్లుంటె మంచిగుంటదే?" అన్నాడు.

అక్క ఆశ్చర్యంగా చూసింది. "నన్నే అడుగుతున్నవా?"

"నిన్నే."

"నేను కూసోవాలె. ముంగట తొవ్వ కనబడాలె. గుంతొస్తదని తెలిస్తె నేనే ఒళ్లు కాసుకుంట. పట్టుకోనీకె ఒక కట్టె గావాలె. గంతే."

గంతే! వారం రోజుల ఆలోచన, కమ్మరి కొక్కాలు, దూదేకులాయన పరుపు, వీధంతటి తెలివీ కలిసినా ఈ మూడు ముక్కలు మాకు తట్టలేదు. పసిబిడ్డకు కట్టే ఉయ్యాలను పెద్దదాన్ని చేసి మనిషిని అందులో వేశాం. అందరం ఆమె గురించే ఆలోచించాం, ఆమెను మాత్రం అడగలేదు. నీళ్లచెంబుకు దారి కనిపించకపోయినా ఫర్వాలేదు, మా అక్కకు అలా కాదు కదా.

నాయన బండి కింద కట్టుకున్న సంచిలోంచి బాడిస తీశాడు. ముందున్న పలకను ఊడదీయాలి. మేకులు లోతుగా దిగాయి, లాగితే రావడం లేదు. చిలకలను ఒక్క క్షణం చూసి, బాడిసతో వాటి మధ్య నుంచే కొట్టాడు. పలక రెండు ముక్కలైంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం ఆ ముక్కల్లో ఒకదాన్ని అక్క పాదాలు ఆన్చుకోవడానికి కింద బిగించాడు. మంచాన్ని తలవైపు ఎత్తి, కాళ్లవైపు దించి, కూర్చుని వెనక్కి ఒరిగేలా తాళ్లు సవరించాడు. చేతికి అందేలా అడ్డంగా ఒక వెదురు కట్టాడు. ప్రతి ముడికీ ఆగి అడిగాడు. "ఇంక జర దించనా? నడుము కింద ఎట్లున్నది?" అక్క ఎక్కి కూర్చుని, దిగి, మళ్లీ ఎక్కి, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఆయన్ని సతాయించింది. పరాయి పిల్లయితే నాయన విసుక్కునేవాడే.

ఆ తర్వాత దారంతా బండిని తోలింది ఎవరంటే నేను అక్క పేరే చెబుతాను. ఎత్తు మీద కూర్చుంది గనక నాయనకంటే ముందు ఆమెకే గుంత కనిపించేది. "ఎడమకు, ఎడమకు" అని కేకేసి, వెదురు పట్టుకుని, పెదవులు బిగించి కాసుకునేది. బండి గుంత దాటగానే వెనక్కి ఒరిగి, నన్ను చూసి కళ్లెగరేసేది. మూసీ దగ్గర మోకాలి లోతు నీళ్లున్నాయి. ఇసకలో చక్రాలు దిగబడితే ఒడ్డున బట్టలు ఉతికేవాళ్లు వచ్చి నెట్టారు. వాళ్లలో ఒకామె కట్టెకు వేళ్లు బిగించి కూర్చున్న అక్కను చూసి, "రాణి లెక్క పోతున్నవ్ గదమ్మా" అంది. అవతలి ఒడ్డు ఎక్కాక అక్క పెద్దగా నవ్వింది. ఆ నవ్వు విన్నాక నా భయం సగానికి సగం తగ్గింది. సూర్యాపేటలో ఇల్లు చేరేసరికి అమ్మ వీధి చివరి దాకా ఎదురొచ్చింది.

కాన్పుకు ఇంకా రోజులున్నాయి. ఆలోపే బండి సంగతి నలుగురి నోటా పడింది. తిరుమలగిరి వైపు నుంచి ఒకతను తల్లిని దవాఖానకు తీసుకుపోవాలని వచ్చాడు. నాయన అతనికి బండి ఇవ్వలేదు. ముందు బండిని తోలుకుని వాళ్లింటికే పోయి ఆ ముసలామెను అడిగాడు. ఆమెకు కాలు మడవరాదు, పడుకునే పోవాలి, కానీ పక్కన కోడలు కూర్చోవాలి అంది. తాళ్లు మళ్లీ మారాయి. ఇంకొకామె మెట్టు కావాలంది, చంటిపిల్లతో ఎక్కలేక. చిలుకూరు నుంచి వచ్చిన ఒకామె గూడుకు పక్కన కిటికీ లాంటి సందు పెట్టించుకుంది, దారిలో కనిపించిన వాళ్లందరితో మాట్లాడటానికట. బండి రోజురోజుకూ ఒక వింత ఆకారానికొచ్చింది. నాయన పాత పనితనం తెలిసినవాళ్లు దాన్ని చూసి పెదవి విరిచేవాళ్లు. కానీ గొడవల రోజుల నుంచి గడప దాటని ఆడవాళ్లు కొందరు ఆ బండిలోనే పుట్టిళ్లకు పోయొచ్చారు. అందం సంగతి నాకు తెలియదు గానీ, ఆ బండిని చూస్తే నాకు కడుపు నిండినట్టుండేది.

ఇంత జరిగినా నాయన మనసు కుదుటపడలేదు. అక్క గదివైపు పోయేవాడు కాదు. ఆమె నడుం పట్టుకుని లేస్తే చాలు, ఆయన ముఖం పాలిపోయేది. దారిలో ఎక్కడో ఏదో ఒక కుదుపు తగిలే ఉంటుందని, అది కాన్పునాడు బయటపడుతుందని ఆయన భయం.

ఒక పొద్దున నొప్పులు మొదలయ్యాయి. మేనత్త తలుపు వేసుకుంది. నాయన పెరట్లో నిలబడి, కూర్చోమంటే కూర్చోలేదు. పొద్దెక్కేసరికి లోపల్నుంచి ఏడుపు వినిపించింది, వీధి చివరిదాకా వినపడేంత. ఆడపిల్ల. అమ్మ గడప మీద కూలబడి నవ్వుతోంది, కళ్లు తుడుచుకుంటోంది. ఆ సంతోషం ఇన్నేళ్లయినా నేను చెప్పలేను.

అంతా శుభ్రం చేశాక అక్క నాయనను పిలిపించింది. ఆయన గుమ్మం బయటే ఆగి, "కుదుపులకేం గాలే గద బిడ్డకు?" అన్నాడు.

"ఏం కుదుపులు?" అంది అక్క.

మేనత్తే నోరు విప్పింది. "పోయినేడు తన బండి కుదుపులకే బిడ్డ పోయిందని మీ నాయన కుమిలిపోతున్నాడమ్మా. నీకు తెలియదా?"

అక్క పడుకున్నదల్లా మోచేయి ఆన్చి పైకి లేచింది. "బండిలనా? ఎవలు జెప్పిండ్రు? బండెక్కక ముందే రెండు దినాల సంది బిడ్డ కదులుతలేదు నాయినా. నాకు ఎరుకే. ఊరంత పానాలు అరచేత పట్టుకొని ఉరుకుతుంటె ఏమని జెప్పాలె? తర్వాత నా ముందట ఎవ్వలు ఆ ముచ్చట తియ్యలే, నేను తియ్యలే. నువ్వు నీ మీదేసుకుంటవని నాకేమెరుక?"

నాయన గుమ్మం పట్టుకుని కిందికి జారాడు. నేలమీద కూర్చుని, పెద్ద మనిషి, మీసమున్న మనిషి, వెక్కివెక్కి ఏడ్చాడు. వాకిట్లో జనం చేరారు. నేను ఊరుకోబెట్టబోతే అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. ఆయన పక్కనే తానూ నేలమీద కూర్చుంది.

"ఏడువు" అంది. "ఏడాది సంది రోజూ నాకు ఇనపడకుంట ఏడ్చినవ్. ఇయ్యాల ఇనపడేటట్టు ఏడువు."